బిస్కెట్ డబ్బాలో ఒక ఈల

మా సంఘములో నేవీ తాత అంటే తెలియనివారు లేరు. అనకాపల్లికి కాస్త అవతల, శారదా నది నీటితో చెరకు పండే పల్లె ఆయనది. ఇరవై ఏళ్ళు భారత నౌకాదళంలో పనిచేసి 1979లో ఇల్లు చేరారు. ఆ తరువాత నలభై నాలుగేళ్ళు చెరకు, బెల్లం, గుడి, ఈ మూడే లోకంగా బ్రతికారు. 2023 వర్షాకాలంలో, ఎనభై ఏళ్ళ వయసులో ప్రభువునందు నిద్రించారు. ఆయన పేరు, ఊరి పేరు వేయవద్దని కుటుంబము వారు కోరారు గనుక రాయడం లేదు. మిగతాదంతా రాయమని మామ్మగారే, అంటే ఆయన భార్యే, మాకు చెప్పారు.

భూస్థాపన అయిన మూడో రోజు సాయంకాలం ఆదరణ కూటమునకు ఆ ఇంటికి వెళ్ళాము. ప్రార్థన ముగిసింది. కాఫీలు ఇచ్చారు. మేము లేవబోతుంటే మామ్మగారు, "అయ్యగోరూ, కాసేపు ఉండండి. ఒక పంపకం ఉంది" అన్నారు.

ముగ్గురు కొడుకులు. పొలం దగ్గర, ఇంటి దగ్గర మాట రాలేదు. తండ్రి బ్రతికి ఉండగానే అవి రాసిపెట్టారు. మాట వచ్చింది ఒక బిస్కెట్ డబ్బా దగ్గర. రంగు వెలిసిపోయిన పాత రేకు డబ్బా. అందులో ఒకే కమ్మీకి వరుసగా కుట్టిన ఆరు పతకాలు, వాటి పక్కన గొలుసుతో ఒక చిన్న లోహపు ఈల. తండ్రి గుర్తుగా పెద్దవాడు అన్నీ తనకే కావాలంటాడు. మూడోవాడు తలా రెండు పంచుకుందామంటాడు. రెండోవాడు అప్పటికే వాటిని గవరపాలెంలో తెలిసిన కంసాలి దగ్గరకు తీసుకువెళ్ళి వచ్చాడట. ఆ పెద్దమనిషి గీటురాయి మీద గీసి చూసి, "వెండి కాదు బాబూ, రాగీ నికెలూ కలిపిన లోహం. అమ్మితే ఆటో ఖర్చులు కూడా రావు. దాచుకోండి" అని చెప్పి పంపేశారు. ఆ మాట చెబుతూ రెండోవాడే సిగ్గుపడి నవ్వాడు. దానితో గదిలో బిగువు కొంచెం సడలింది.

మామ్మగారు డబ్బా మా ఒడిలో పెట్టారు. "ముందు ఇవి ఏంటో చదివి చెప్పండి. యాభై ఏళ్ళు తుడిచాను గానీ నాకూ సరిగా తెలీదు."

నిజానికి మాకూ తెలియదు. పతకాల అంచుల మీద ఉన్న అక్షరాలు చూశాము. నంబరు, హోదా, పేరు చెక్కి ఉన్నాయి. ఆ రోజు సగమే చదవగలిగాము. తరువాత విశాఖపట్నంలో ఒక విశ్రాంత నావికుని దగ్గర కూర్చుని మిగతాది నేర్చుకున్నాము. మన పల్లెల్లో సైన్యములోనో నేవీలోనో పనిచేసి వచ్చినవారి ఇళ్ళలో ఇలాంటి డబ్బాలు చాలా ఉన్నాయి గనుక, తెలుసుకున్నది తెలుసుకున్నట్టు ఇక్కడ రాస్తున్నాము.

మొదటిది రక్షా మెడల్. 1965లో పాకిస్తానుతో యుద్ధం వచ్చినప్పుడు సేవలో ఉన్నవారికి ఇచ్చినది. తాత 1959లో, పదహారేళ్ళ వయసులో నేవీలో చేరారు. అప్పట్లో బాలురను చేర్చుకుని తర్ఫీదు ఇచ్చే కేంద్రం మన విశాఖపట్నంలోనే, ఐ.ఎన్.ఎస్. సర్కార్స్‌లో ఉండేది. 1980లో ఒరిస్సాలోని చిల్కాలో కొత్త కేంద్రం వచ్చేవరకూ అక్కడే. అనకాపల్లి స్టేషన్లో రైలెక్కితే గంట ప్రయాణం. "సముద్రం చూడడానికి ఎళ్ళాను, ఇరవై ఏళ్ళు చూపించారు" అనేవారు. 1964 నాటికి ఆయన విక్రాంత్ మీద ఉన్నారు. విమానాలను మోసే ఓడ అది. మన దేశానికి మొట్టమొదటిది, 1961 మార్చి 4న బెల్‌ఫాస్ట్‌లో మన నౌకాదళములో చేరింది.

ఇంతటి ఓడ మీద ఉండి యుద్ధములో ఏమి చేశారని అడిగితే తాత పగలబడి నవ్వేవారు. 1965 యుద్ధ సమయానికి విక్రాంత్ బొంబాయిలో మరమ్మతులో ఉంది. ఆ సెప్టెంబరు 7 రాత్రి పాకిస్తాను ఓడలు గుజరాత్‌లోని ద్వారక మీద ఫిరంగులు పేల్చి వెళ్ళాయి. మనవాళ్ళకు అది పెద్ద మనోవేదన. కుర్ర నావికులేమో బొంబాయిలో ఓడ ఒంటికి పట్టిన తుప్పు గోకి రంగు వేస్తున్నారు. "నా మొదటి యుద్ధం తుప్పు మీద అయ్యగోరూ" అనేవారు. అందుకే ఆ పతకానికి ఆయన 'రంగుడబ్బా పతకం' అని పేరు పెట్టుకున్నారు.

రెండవది అయిదు కోణాల నక్షత్రం, పూర్వీ స్టార్. 1971 యుద్ధంలో తూర్పు దిక్కున పనిచేసినవారిది. మూడవది సంగ్రామ్ మెడల్, అదీ ఆ యుద్ధానికి సంబంధించినదే. నాల్గవది స్వాతంత్ర్యం వచ్చి ఇరవై అయిదేళ్ళు నిండిన 1972 ఆగస్టు 15న సేవలో ఉన్నవారందరికీ ఇచ్చినది. అయిదవది తొమ్మిదేళ్ళ సేవకు. ఆరవది దీర్ఘ సేవకూ సత్ప్రవర్తనకూ కలిపి ఇచ్చేది. మామ్మగారికి ఈ ఆఖరిదంటేనే ప్రీతి. యుద్ధంలో ధైర్యం చూపడానికి కొన్ని గంటలు చాలునేమో గాని, పరాయి ఊళ్ళ రేవుల్లో, జేబులో జీతం పెట్టుకుని, అన్నేళ్ళు నడవడి చెడకుండా ఉండడం వేరే సంగతి. ఇది మా మాట. మామ్మగారు అన్నది ఇంకా చిన్నది: "ఇది ఆయనకి కాదు, నాకిచ్చారు."

పతకాల కథ అక్కడికి సరి. ఈల కథ వేరు.

మా సంఘములో ఆ ఈల వినని పిల్లవాడు లేడు. నేవీ తాత సండేస్కూలులో పాఠం చెప్పేవారు కారు. తలుపు దగ్గర కూర్చుని క్రమము చూసేవారు. నలభై మంది పిల్లలు ఒక్కసారిగా గోల చేస్తుంటే జేబులోంచి ఈల తీసి, అరచేతిలో దాచినట్టు పట్టుకుని, పొడుగ్గా ఒక్క స్వరం ఊదేవారు. చెవి కోసినట్టు వచ్చేది. పిల్లలు ఎక్కడివాళ్ళక్కడ బొమ్మల్లా ఆగిపోయేవారు. తరువాత చిన్నగా రెండో స్వరం ఊదితేనే కదలాలి. అది ఆట అనుకున్నాము. ఆట కాదట. ఓడ మీద ఆ మొదటి స్వరానికి 'స్టిల్' అని పేరు. అది వినపడగానే ఎవరి చేతిలో ఏ పని ఉన్నా ఆపి కదలకుండా నిలబడాలి. రెండోది 'క్యారీ ఆన్', అంటే పని సాగించవచ్చునని.

దీనిని బోసన్ పైపు అంటారు. గాలి ఊదే సన్నని గొట్టం, దాని చివర గోలీ అంత గుండ్రని బుడిపె, గొట్టం కింద పట్టుకోవడానికి ఒక రేకు, గొలుసు తగిలించడానికి ఒక రింగు. వేళ్ళు బుడిపె మీద మూస్తే ఒక స్వరం, తెరిస్తే ఇంకొకటి. ఉన్నవి ఈ రెండే, మిగతాదంతా ఊపిరి, వేళ్ళ పని. తెరచాపల కాలంలో గాలి హోరులో మనిషి కేక వినబడదు, ఈ ఈల వినబడుతుంది. అందుకని ఆజ్ఞలన్నీ దీనిమీదే నడిచేవి. లౌడు స్పీకర్లు వచ్చిన తరువాత కూడా ముందు పైపు ఊది, ఆ తరువాతే మాట చెబుతారు. రాత్రి పని చాలించి పడుకోమనడానికి ఒక పైపు ఉంది. కెప్టెన్ ఓడలోకి అడుగు పెట్టేటప్పుడు మర్యాదగా ఊదేది ఇంకొకటి. ఓడ మీద ఎవరూ సరదాకు నోటితో ఈల వేయకూడదనే ఆచారం కూడా ఉండేదట. ఆజ్ఞ అనుకుని పొరబడతారేమోనని. మా గుడిలోనూ తాత ఎవరినీ ఈల వేయనిచ్చేవారు కారు!

ప్రభువు గాలిని గద్దించి సముద్రాన్ని నిమ్మళపరచిన సంగతి మార్కు సువార్త 4వ అధ్యాయంలో ఉన్నది కదా. ఆ పాఠం వచ్చిన ఆదివారం తాత చేత ఈల ఊదించి పిల్లలకు చూపించేవాళ్ళము. మాకు అది మంచి ఉపమానంగా తోచింది. తాత మాత్రం ఊదేసి బయటకు వెళ్ళి వేపచెట్టు కింద కూర్చునేవారు. ఎందుకో మేము ఎన్నడూ అడగలేదు.

ఆ సాయంకాలం పెద్దకొడుకు ఈల చేతిలోకి తీసుకుని, "అయ్యగారూ, దీనిమీద అక్షరాలు ఉన్నాయి. నాన్న పేరువి కావు" అన్నాడు. నిజమే. కింద రేకు మీద మేకుతో గీసినట్టు రెండు ఇంగ్లీషు అక్షరాలు, అరిగి కనపడీ కనపడకుండా ఉన్నాయి. తండ్రి పేరుకూ ఇంటిపేరుకూ వాటితో పొత్తు లేదు. ఇది నాన్నదే కాదేమో, ఎక్కడో కొన్నదేమో అన్నాడు మూడోవాడు.

మామ్మగారు చాలాసేపు మాట్లాడలేదు. తరువాత చెప్పారు.

విశాఖపట్నంలో తర్ఫీదు అప్పుడు పక్క మంచం మీద ఇంకో రాష్ట్రపు కుర్రవాడు ఉండేవాడట. ఇతనికి తెలుగు తప్ప రాదు, అతనికి తెలుగు రాదు. మొదటి నెలలు ఇద్దరికీ కలిసి అర్థమయ్యే భాష ఈ పైపు ఒక్కటే. రాత్రిపూట బయట కూర్చుని ఒకరి ఈల ఒకరు దిద్దుకునేవారు. అయిదేళ్ళ తరువాత ఇద్దరినీ వేరు వేరు ఓడలకు వేశారు. విడిపోయే రోజున ఈలలు మార్చుకున్నారు. పెళ్ళిళ్ళయ్యాక కుటుంబాలతో కలుసుకోవాలని, అప్పుడు తిరిగి మార్చుకోవాలని చెప్పుకున్నారట. తాత పెళ్ళి 1968లో మన గుడిలోనే జరిగింది. ఆయనకు సెలవు దొరకక రాలేకపోయాడు. ఉత్తరం రాశాడు.

1971 డిసెంబరు వచ్చింది.

మన ప్రాంతం వారికి ఆ నెల సంగతులు పెద్దవాళ్ళ నోట విని తెలిసే ఉంటాయి. విక్రాంత్‌ను ముంచాలని పాకిస్తాను ఘాజీ అనే జలాంతర్గామిని మన బంగాళాఖాతంలోకి పంపింది. అది కూడా పాత కాపే. అమెరికావారి దగ్గర తీసుకున్నది, 1965 యుద్ధంలోనూ తిరిగింది. తూర్పు నౌకాదళ అధిపతి వైస్ అడ్మిరల్ ఎన్. కృష్ణన్ విక్రాంత్‌ను రహస్యంగా అండమాన్ దీవుల వైపు తప్పించి, అది విశాఖపట్నం దగ్గరే ఉన్నట్టు నమ్మించారు. రాజ్‌పుత్ అనే పాత ఓడను పంపి, విక్రాంత్ మాట్లాడుతున్నట్టు వైర్‌లెస్ సందేశాలు ఇప్పించారు. పెద్ద ఓడకు సరిపడా కూరగాయలు, మాంసం విశాఖపట్నంలో ఆర్డరు పెట్టించారని కూడా చెబుతారు. డిసెంబరు 3 అర్ధరాత్రి దాటిన కాసేపటికి విశాఖ తీరానికి దగ్గరలోనే నీటి అడుగున పెద్ద పేలుడు జరిగింది. ఘాజీ లోపలున్న తొంభై మందికి పైగా మనుషులతో మునిగిపోయింది. రాజ్‌పుత్ వేసిన బాంబుల వల్ల అని మనవారు అంటారు. దాని మందుగుండే పేలిందో, అది పరిచిన మందుపాతరే దానికి తగిలిందో అని అవతలివారు అంటారు. ఆ డిసెంబరు 4న విక్రాంత్ మీది విమానాలు కాక్స్ బజారు, చిట్టగాంగుల మీదికి ఎగిరాయి. తాత అప్పుడు ఆ ఓడ మీదే ఉన్నారు. డిసెంబరు 16న ఢాకాలో పాకిస్తాను సేనలు లొంగిపోయాయి.

ఇవన్నీ విజయపు మాటలు. విశాఖ బీచి రోడ్డులో 1996లో కట్టిన స్మారకము, దాని సమీపాన 2002 నుండి చూపిస్తున్న కురుసుర జలాంతర్గామి మన పిల్లలు చూసినవే. అయితే ఈ రెంటి మధ్య ఇంకొక రోజు ఉంది. డిసెంబరు 9 రాత్రి అరేబియా సముద్రంలో, డయ్యూకు ఎదురుగా, ఖుక్రీ అనే మన యుద్ధనౌకను పాకిస్తాను జలాంతర్గామి హంగోర్ టార్పెడోతో కొట్టింది. నిమిషాలలో మునిగింది. 18 మంది ఆఫీసర్లు, 176 మంది నావికులు పోయారు. కెప్టెన్ మహేంద్రనాథ్ ముల్లా తన లైఫ్ జాకెట్ ఒక నావికునికి ఇచ్చి తాను ఓడతోనే ఉండిపోయారు.

ఈలలు మార్చుకున్న స్నేహితుడు ఖుక్రీ మీద ఉన్నాడు. తాతకు ఆ కబురు కొన్ని రోజుల తరువాత గాని తెలియలేదట. అతని దగ్గరున్న తాత ఈల అతనితోనే సముద్రం అడుగుకు పోయింది. అతని ఈల తాత దగ్గర మిగిలింది.

"అందుకే ఆయన అది ఊదిన పెతీసారీ బయటకెళ్ళి కూకునేవారు" అన్నారు మామ్మగారు. "ఊదేది నేను గానీ పలికేది ఆడు అనేవారు."

కొడుకులు ముగ్గురికీ ఇది తెలియదు. యాభై ఏళ్ళు ఒకే కప్పు కింద ఉండి తెలియదు.

ఇక్కడ మా తప్పు ఒకటి ఒప్పుకోవాలి. మేము ఆ సంఘమునకు కాపరిగా వెళ్ళిన కొత్తలో అపొస్తలుల కార్యములు 27వ అధ్యాయం మీద ప్రసంగించాము. పౌలు ఎక్కిన ఓడ పద్నాలుగు రాత్రులు తుపానులో కొట్టుకుపోవడం, లూకా 276 మంది అని తల తల లెక్క చెప్పి, అందరూ ఒడ్డు చేరారని రాయడం, ఇవన్నీ బాగా వర్ణించి చెప్పాము. మాకైతే బాగానే చెప్పామనిపించింది. కూటము అయ్యాక తాత వచ్చి, "అయ్యగోరూ, ఆ ఓడలో అందర్నీ దాటించాడు గదా దేవుడు. మరి అందరూ దాటని ఓడల సంగతేటి?" అని అడిగారు. మేము వెంటనే దేవుని సార్వభౌమత్వము అంటూ కళాశాలలో నేర్చుకున్న పాఠం అప్పజెప్పాము. ఆయన తల ఊపి, టోపీ పెట్టుకుని వెళ్ళిపోయారు. మళ్ళీ ఎన్నడూ అడగలేదు. అది వాదానికి అడిగిన ప్రశ్న అనుకున్నాము. ఆయన జేబులో ఆ ప్రశ్న గొలుసుకు వేలాడుతున్నదని మాకెలా తెలుస్తుంది? ఒక్కమాట, 'ఎవరి గురించి అడుగుతున్నారు తాతా' అని మేము అడిగి ఉంటే తెలిసేది. ఆ ప్రశ్నకు ఈనాటికీ మా దగ్గర జవాబు లేదు. కీర్తనలు 107లో ఓడ మీద పనిచేసేవారి మొర ఉంది, రేవు చేరడం ఉంది. తాత భూస్థాపనలో అదే చదివాము. చదువుతున్నప్పుడు రేవు చేరనివారు గుర్తుకు రాలేదు. ఇప్పుడు చదివితే ముందు వాళ్ళే గుర్తుకు వస్తున్నారు.

ఇంకోసారి, నేవీ దినమునకు దగ్గరగా వచ్చిన ఆదివారం పతకాలు పెట్టుకుని సాక్ష్యం చెప్పమని కోరాము. ఒప్పుకోలేదు. మా మాట తీసేశారని మనసులో కొంచెం కష్టపెట్టుకున్నాము కూడా. అయితే ప్రతి డిసెంబరు మొదటి వారంలో ఆయన చేసే ఇంటి ప్రార్థనలో ఖుక్రీ వారి కుటుంబాలతో పాటు ఘాజీ వారి తల్లులు కూడా ఉండేవారని మామ్మగారు చెప్పారు. యుద్ధం అయ్యాక సెలవుకు వచ్చినప్పుడు, విశాఖలో ఇళ్ళ కిటికీలు అదిరాయని, దేవుడు మనల్ని కాపాడాడని ఆవిడ సంబరంగా చెప్పారట. ఆయన విని, "అందులో ఎంతమంది ఉండేవారో" అన్నారట. 1947 దాకా రెండు నౌకాదళాలూ ఒకటే. "ఆళ్ళ ఓడలోనూ ఇదే పైపు. ఇదే స్టిల్లు" అనేవారట.

పంపకం సంగతి ఆ రాత్రి ఎవరూ మళ్ళీ ఎత్తలేదు. డబ్బా అడుగున పరచిన పాత దినపత్రిక మార్చుదామని మామ్మగారు తీసేసరికి, దాని కింద ఇంకో మడత కనబడింది. సర్వీసు సర్టిఫికెట్టు, పెన్షను ఉత్తరువు. ఈ డబ్బాలో నిజంగా విలువైనవి అవే, ఎవరూ వాటికోసం పోట్లాడలేదు! తాతకు నేవీ పెన్షను వచ్చేది. ఆయన తరువాత భార్యకు కుటుంబ పెన్షను రావాలి. కాగితం చదివితే అందులో భార్య పేరు వేరుగా ఉంది. పుట్టింటివారు పిలిచిన పేరు అది. పెళ్ళికి ముందు బాప్తిస్మములో పెట్టిన పేరు మరొకటి. ఓటరు కార్డు, ఆధార్, బ్యాంకు పుస్తకం, అన్నీ బాప్తిస్మపు పేరుమీద ఉన్నాయి. మన సంఘాల్లో ఇది ఇంటింటి కథ.

కొన్ని నెలలు తిరిగాము. పెద్దకొడుకు పని మానుకుని మాతో వచ్చాడు. తుదకు పని జరిగింది గుడి బీరువాలోని పాత వివాహ రిజిస్టరు వల్ల. 1968 పేజీలో అప్పటి కాపరిగారు వధువు పేరు దగ్గర రెండు పేర్లూ రాసి, సాక్షుల చేత సంతకాలు, వేలిముద్రలు వేయించారు. చెదలు ఆ పేజీ అంచు వరకు వచ్చి ఆగింది. దాని నకలు, మరణ ధ్రువీకరణ పత్రము, ఇద్దరూ కలిసి తీయించుకున్న ఫొటో, రెండు పేర్లూ ఒకరివే అని అఫిడవిట్టు జత చేశాము. జిల్లా సైనిక సంక్షేమ కార్యాలయం ద్వారా నింపి పంపిన దరఖాస్తుకు కుటుంబ పెన్షను మంజూరయింది. ఇప్పుడు రక్షణ శాఖ పెన్షన్లు చాలా వరకు స్పర్శ్ అనే కంప్యూటర్ పద్ధతిలోకి వచ్చాయి. ఏడాదికొకసారి జీవన ధ్రువీకరణ ఇవ్వాలి. మీ ఇంట్లో పెన్షను తీసుకునే పెద్దవారు ఉంటే, వారు బ్రతికి ఉండగానే ఆ కాగితం ఒక్కసారి తీయించి అమ్మ పేరు, పుట్టిన తేదీ ఆధార్‌తో సరిపోయాయో లేదో చూడండి. సంఘ కాపరులకూ ఒక మనవి. పాత రిజిస్టర్లు, జిల్లేడాకు కాదు, కర్పూరపు ఉండలు పెట్టి దాచండి.

ఆ తిరుగుళ్ళలోనే విశాఖపట్నపు విశ్రాంత నావికుడు మాకు పరిచయమయ్యారు. ఈల చూసి, మాట్లాడకుండా రెండు చేతులతో అందుకున్నారు. నావికుడు చనిపోతే అతని దేహాన్ని ఓడనుండి దించేటప్పుడు పైపు ఊది పంపడం పాత ఆచారమని ఆయన చెప్పగా విన్నాము. కెప్టెన్‌కు ఊదే మర్యాదే సామాన్య నావికుని శవానికీ ఊదుతారు. మేము తాత పెట్టెను ఎత్తినప్పుడు ఈల డబ్బాలోనే ఉండిపోయింది. ఎవరికీ తెలియదు.

విక్రాంత్ సంగతి కూడా చెప్పి ముగిస్తాము. 1997 జనవరి 31న దానిని విరమింపజేశారు. కొన్నేళ్ళు బొంబాయిలో ప్రదర్శనకు ఉంచి, 2014లో విడగొట్టించేశారు. ఆ ఇనుములో కొంత తీసుకుని బజాజ్ కంపెనీ 2016లో వి అనే మోటారు సైకిలు చేసింది. రెండో కొడుకు ఒకటి పాతది కొన్నాడు. తాత దాని పెట్రోలు ట్యాంకు మీద చెయ్యి వేసి, "దీన్ని ఎన్నిసార్లు గోకి రంగేసానో. ఇప్పుడిది నన్ను మోత్తంది" అని వెనుక సీటు ఎక్కి గుడికి వచ్చేవారు. అదే పేరుతో మన దేశంలోనే కట్టిన కొత్త ఓడ 2022 సెప్టెంబరు 2న కొచ్చిలో నౌకాదళములో చేరినప్పుడు టీవీ ముందు లేచి నిలబడ్డారని చెబుతారు.

2024లో, ఏడాది నిండిన రోజున, సమాధి రాయి నిలబెట్టాము. పతకాలు ఆరూ విడదీయకుండా అద్దాల చట్రంలో మామ్మగారి మంచం ఎదుట గోడకు ఉన్నాయి. అది కొడుకులు తేల్చుకున్నదే. ఈల మాత్రం పెద్దకొడుకు కుమారునికి, పన్నెండేళ్ళవాడికి ఇచ్చారు. సండేస్కూల్లో తాత దగ్గర 'స్టిల్' నేర్చుకున్నది వాడొక్కడే. మర్యాదగా పంపేటప్పుడు ఊదే స్వరం విశాఖపట్నం వెళ్ళి ఆ నావికుని దగ్గర నాలుగు శనివారాలు కూర్చుని నేర్చుకున్నాడు.

ప్రార్థన అయ్యాక రాయి ముందు నిలబడి ఊదాడు. మధ్యలో ఊపిరి చాలలేదు, స్వరం విరిగింది. వాడు ఆగి, మా వైపు చూసి, మళ్ళీ మొదటినుండి ఎత్తుకుని చివరిదాకా ఊదాడు. పక్క చెరకు తోటలో ఆకు కడుతున్న ఇద్దరు కూలీలు పని ఆపి లేచి నిలబడ్డారు. మామ్మగారు పమిట చెంగుతో ఈల తుడిచి, వాడి జేబులో పెట్టి, గొలుసు బయటకు రాకుండా గుండీ పెట్టారు.